గోల్ఫ్ ఐరన్ల కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నా వయసు 44. సీతమ్మధారలో ఉంటాం. ఒక షిప్పింగ్ ఏజెన్సీలో మేనేజర్‌ని, నెలకు 92,000 చేతికొస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 31,000, సిప్‌లు 12,000, ఇంటి ఖర్చు 40,000. రెండేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, దానికి నెలకు 6,000 దాకా అవుతోంది. ఇప్పటిదాకా ఒక ఫ్రెండ్ ఐరన్ల (ఇనుప తలల గోల్ఫ్ కర్రల) సెట్‌తో నెట్టుకొచ్చాను, ఏడాది చివరికల్లా తిరిగి ఇవ్వమన్నాడు. కొత్త గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (దెబ్బ గురి తప్పినా సర్దుకునేలా చేసిన) ఐరన్ల సెట్ 1,10,000, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. మా జీఎం గారు తన ఫోర్జ్‌డ్ బ్లేడ్లు (తల వెనక గుంట లేని, పలచటి ఐరన్లు) 45,000కి ఇస్తానంటున్నారు. క్లబ్‌లో ఇంకొకాయన ఐదేళ్ల నాటి క్యావిటీ బ్యాక్ (తల వెనక గుంట ఉన్న) సెట్‌కి 34,000 చెబుతున్నారు. బ్యాంకులో, ఎఫ్‌డీలో కలిపి 1,80,000 ఉంది. జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజు 1,40,000 కట్టాలి. దానికి ఆర్‌డీలో 80,000 ఉంది, ఏప్రిల్‌లో 60,000 బోనస్ వస్తుంది. మా బావమరిది డిసెంబర్‌లో డాలస్ నుంచి వస్తున్నాడు, అతని చేత తెప్పించుకోవచ్చా? లేక ఎఫ్‌డీ తీసి కొనేయమంటారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
- పేరు రాయవద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఎఫ్‌డీ ముట్టుకోకండి, ఈఎంఐ జోలికీ వెళ్లకండి. డిసెంబర్ నాటికి డబ్బు కూడబెట్టి, నాలుగైదేళ్ల నాటి క్యావిటీ బ్యాక్ సెట్ రొక్కం ఇచ్చి కొనుక్కోండి. ఎందుకో చెబుతాను.

మీరు రాసిన అంకెలే తీసుకుందాం. 92,000లో లోను, సిప్, ఇల్లు, ఆట పోగా నెలాఖరుకి మిగిలేది 3,000. షాపువాళ్ల ఈఎంఐ 9,167. మిగతా ఆరు వేల పైచిలుకు ఎక్కడినుంచి వస్తుంది? మొదటి రెండు నెలలు క్రెడిట్ కార్డు మీద సర్దుతారు, మూడో నెలలో సిప్ ఆపుతారు. ఒక్క ఏడాదే కదా అని సిప్ ఆపినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి ఎన్ని వంకలు వెతుక్కుంటారో నేను రోజూ చూసేదే.

నో కాస్ట్ అన్న మాటనూ మరీ నెత్తిన పెట్టుకోకండి. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మామూలుగా జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ముందే ధర తగ్గించి చూపిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మన నెత్తిన పడతాయి. మీ విషయంలో ఇవి రెండు వేల చుట్టూ తేలతాయి, కొంప మునిగేంత కాదు. ఈఎంఐ వాళ్ల కోసం వదులుకుంటున్న ఆ వడ్డీ మొత్తాన్ని రొక్కం ఇచ్చేవాడికి ఎందుకు తగ్గించరని ఎవరూ అడగరు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక ఆ 1,80,000. అది ఖాళీగా పడి ఉన్న డబ్బులా కనిపిస్తోంది మీకు. రేపు ఉద్యోగానికి ఇబ్బంది వస్తే, సిప్‌లూ ఆటా ఆపేసినా ఇంటికి, లోనుకి నెలకు 71,000 కావాలి. అంటే మీ చేతిలో ఉన్నది రెండున్నర నెలలకి సరిపోయే డబ్బు. ఆరు నెలలకి 4,26,000 ఉండాలి. ఉన్నదే చాలనప్పుడు అందులోంచి ఐరన్లకి తీయమని నేనెలా చెప్పను?

డబ్బు సంగతి పక్కన పెట్టినా, మీరు 1,10,000 పెట్టి కొనబోయే గుణం 34,000 సెట్‌లోనూ ఉంది. బంతి ఫేస్ (కర్ర తలలో బంతిని తాకే చదును భాగం) మధ్యలో తగిలిన రోజు ఏ ఐరనైనా బాగానే కొడుతుంది. వారానికోసారి ఆడేవాళ్లకి అది టో (తల కొన) వైపో, హీల్ (తలకి కర్ర కలిసే చోటు) వైపో తగులుతుంటుంది. అప్పుడు క్లబ్ హెడ్, అంటే కర్ర తల, కాస్త మెలితిరిగి, బంతి దూరమూ పోదు, తిన్నగానూ పోదు. ఆ మెలిక తగ్గాలంటే ఇనుము మధ్యలో ముద్దగా కాకుండా అంచుల చుట్టూ సర్దుకుని ఉండాలి. క్యావిటీ బ్యాక్ వెనక కనిపించే ఆ గుంట అందుకే. దానికి తోడు సోల్ (తల అడుగు భాగం) కాస్త వెడల్పుగా, బరువు కిందకి ఉంటే బంతి తేలిగ్గా లేస్తుంది. ఇదేమీ నిన్న మొన్నటి విద్య కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా ఉన్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో ఒక పుట్టర్‌లో (బంతిని గుంతలోకి నెట్టే కర్ర) బరువును హీల్‌కీ టోకీ పంచి చూశాడు, పింగ్ కంపెనీ పుట్టింది దాంతోనే. అదే సూత్రం తర్వాత ఐరన్లకి వచ్చింది. 1982 నాటి పింగ్ ఐ2 ఐరన్లతో ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. 2020, 2021 ప్రాంతంలో వచ్చిన టేలర్‌మేడ్ సిమ్ మ్యాక్స్, కాలవే మావ్రిక్, పింగ్ జీ425 లాంటివి మీ అవసరానికి అతికినట్టు సరిపోయే సెట్లు. వాటికీ ఈ ఏడాది మోడల్‌కీ మధ్య తేడా మీ స్కోరు కార్డులో కనబడుతుందని నేననుకోను.

షాపులో బంతి దూరం చూపే తెర మీద పది గజాలు ఎక్కువ చూపించి ఉంటారు. అక్కడ చిన్న మతలబు ఉంది. ఒకప్పుడు 7 ఐరన్ లాఫ్ట్ (ఫేస్ వాలు కోణం) 34, 35 డిగ్రీలు ఉండేది. ఐరన్ మీద అంకె తగ్గేకొద్దీ ఈ వాలు తగ్గి, బంతి దూరం పోతుంది. ఇప్పటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ 7 ఐరన్లు చాలావరకు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటున్నాయి. అంటే పాతకాలపు 6 ఐరన్‌కో, 5 ఐరన్‌కో 7 అని అంకె వేసి చేతికిచ్చినట్టు. అది తప్పేం కాదు, బరువు కిందకి ఉంది కాబట్టి బంతి లేస్తుంది. కానీ రెండు సెట్లు పోల్చేటప్పుడు క్లబ్ మీద అంకె చూడకండి, లాఫ్ట్ అడగండి. ఇంకో ఖర్చు కూడా ఇక్కడే దాక్కుని ఉంది. ఇలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ (వాలు ఎక్కువున్న, దగ్గరి షాట్ల కర్ర) 43 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మీ శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టేది) 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. అక్కడికి గ్యాప్ వెడ్జ్ కొనక తప్పదు. కొత్తదైనా పాతదైనా సెట్‌లో గ్యాప్ వెడ్జ్ కలిసి వస్తోందా అని ముందే తేల్చుకోండి.

ఇలాంటి వస్తువుల్లో నేను కొన్న ధర కంటే, వాడి అమ్మేసరికి ఎంత పోతుందన్నది చూస్తాను. కొత్త సెట్ మూడేళ్లకి సగం ధరకి పోయిందనుకుందాం, అది కూడా మంచి బేరమే. మీకు పోయింది 55,000, ఏడాదికి 18,000 పైమాట. పాత సెట్ 34,000, కొత్త గ్రిప్పులకి ఒక 5,000, మొత్తం 39,000. మూడేళ్లకి 20,000 వచ్చినా పోయింది 19,000, ఏడాదికి 6,300 చొప్పున. కొత్త వస్తువుకి మొదటి రెండేళ్లలో పడే దెబ్బ ఇంకెవరో తినేశారు, మీరు హాయిగా ఆడుకోవచ్చు. అయినా కొత్తదే కావాలన్న పట్టుదల ఉంటే డెకాథ్లాన్ వాళ్ల ఇనెసిస్ చూడండి, పెద్ద బ్రాండ్ల కంటే తక్కువలో వస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు మాత్రం అంత గిరాకీ ఉండదు.

పాత సెట్ కొనేటప్పుడు పగటి వెలుతురులో, తీరిగ్గా చూడండి. ముందు 7, 8, 9 ఐరన్లు తీయండి, ఎక్కువ వాడకం వాటికే. ఫేస్ మధ్యలో రూపాయి బిళ్లంత మేర నున్నగా మెరుస్తుంటే గ్రూవ్స్ (ఫేస్ మీది గాడులు) అరిగాయన్నమాట, గోరు అడ్డంగా గీస్తే తట్టాలి. షాఫ్ట్ (కర్ర కాడ) హెడ్‌లోకి దిగేచోట నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది, అది పైకి జరిగి సందు కనిపిస్తే అక్కడ జిగురు వదులుతోందేమో అనుమానించాలి. చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ఏదీ గలగలమనకూడదు. షాఫ్టుల మీద స్టిక్కర్లు అన్నిటికీ ఒకే రకంగా ఉన్నాయో లేదో చూడండి, విరిగినదాని బదులు వేరేది వేయించి ఉంటే అక్కడే దొరికిపోతుంది. మన ఊళ్లో ఇంకొకటి తప్పదు. బీచ్ రోడ్డు అపార్టుమెంట్ల గ్రిల్స్‌కి పట్టే గతే స్టీలు షాఫ్టులకీ పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోయే తుప్పు పర్వాలేదు. గోటికి గుంటలు తగిలితే, ముఖ్యంగా ఆ నల్ల రింగుకి పైన, ఎంత తగ్గించినా వద్దు. కొన్నాక మీరూ చెమట చేతులతో ఆడి, తడి టవల్‌తో సహా బ్యాగుని కారు డిక్కీలో వారమంతా వదిలేయకండి.

అన్నట్టు, అన్ని నంబర్లూ కొనాలని లేదు. బ్యాగులో 14 క్లబ్బులు దాటకూడదనే నిబంధన తప్ప, 14 ఉండి తీరాలని ఎక్కడా లేదు. 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఐరన్లు, పొడవాటి షాట్లకి ఒక హైబ్రిడ్ ఉంటే మీకు చాలు. మోచేతి నొప్పి ఉంటే గ్రాఫైట్ షాఫ్ట్ ఆలోచించండి, లేకపోతే రెగ్యులర్ ఫ్లెక్స్ (మామూలుగా వంగే) స్టీలు చాలు.

జీఎం గారి బ్లేడ్లకి వద్దాం. ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో వైజాగ్ ఓపెన్ టోర్నీ చూసినవాళ్లకి, ప్రొఫెషనల్ బ్యాగులో తళతళలాడే బ్లేడ్ల మీద మనసు పోవడం సహజం. ఆ ప్రొఫెషనల్స్‌లోనే చాలామంది పొడవాటి (చిన్న అంకెల) ఐరన్లు మాత్రం క్యావిటీ బ్యాక్‌వి పెట్టుకుంటున్నారు. రోజంతా అదే పనిగా ఆడేవాళ్లే ఆ జాగ్రత్త తీసుకుంటుంటే, ఆదివారం ఆటగాడికి బ్లేడ్లెందుకు? నా మాట నమ్మక్కర్లేదు. వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద లావుగా గీత గీయండి. ఆ గీత ఫేస్‌కి తగిలేలా బంతిని పెట్టి, రేంజ్‌లో (సాధన మైదానంలో) 7 ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టండి. ప్రతి షాట్‌కీ ఫేస్ మీద మచ్చ ఎక్కడ పడిందో ఫోనులో ఫోటో తీసుకుని, తుడిచి, మళ్లీ కొట్టండి. ఇరవై మచ్చలూ ఒక చిన్న నాణెం కింద దాగితే జీఎం గారి సెట్ తీసుకోండి, నేను అడ్డు చెప్పను. ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉంటే ఆ 45,000 ఆదా అయినట్టే.

బావమరిది ఆలోచన మాత్రం నాకు నచ్చింది. అమెరికాలో పాత సెట్ల మార్కెట్ చాలా పెద్దది, ఏరుకోవడానికి వీలు ఎక్కువ. పేరున్న షాపులు వాడిన క్లబ్బులని పరీక్షించి, గ్రేడు వేసి అమ్ముతాయి. అయితే 6 ఐరన్ పొడవు 37 అంగుళాలు దాటుతుంది, మామూలు సూట్‌కేసులో పట్టదు. క్యాబిన్‌లోకి రానివ్వరు. అంటే పొడవాటి అట్టపెట్టె ఒకటి చెక్ ఇన్ లగేజీలో వేయాలి, బహుమతులకీ పిల్లల బట్టలకీ ఉన్న బ్యాగుల్లో ఒకటి మీ కోసం త్యాగం చేయాలి. అది ఆయన భార్య ఒప్పుకోవాల్సిన విషయం. బిల్లు దగ్గర ఉంచుకోమనండి, డ్యూటీ ఫ్రీ పరిమితి దాటితే కస్టమ్స్ సుంకం కట్టాలి. అదనపు బ్యాగు చార్జీ, సుంకం కలిపాక ఇక్కడి 39,000 కంటే గట్టిగా తక్కువ పడితేనే తెప్పించుకోండి.

ఇక డబ్బు ఎలా? బోనస్ 60,000, ఆర్‌డీ 80,000 కలిపి జూన్ ఫీజుకి సరిగ్గా సరిపోతాయి, వాటి వైపు చూడకండి. నెలకు మిగిలే 3,000కి ఆట ఖర్చులోంచి 2,000 కోసి కలపండి. నెలకు ఒక రౌండ్ మానేసి ఆ పూట రేంజ్‌కి వెళ్లండి, కొత్త బంతుల బదులు పొదల్లోంచి ఏరి అమ్మే పాత బంతులు కొనండి, ఎలాగూ మళ్లీ పొదల్లోకే పోతాయి. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఎనిమిది నెలల ఆర్‌డీ వేస్తే 40,000 చేతికొస్తుంది. సెట్ తిరిగి ఇవ్వాల్సిన గడువు, బావమరిది రాక, డబ్బు మూడూ డిసెంబర్‌లోనే కలుస్తాయి. ఆ 34,000 ఆయన అప్పటిదాకా ఆగుతారేమో అడిగి చూడండి. ఆగకపోతే టెన్షన్ పడకండి. బదిలీ మీద వెళ్లే నేవీ ఆఫీసర్లు, రిటైరయ్యేవాళ్లు ఇంతమంది ఉన్న ఊళ్లో ఇంకో సెట్ అమ్మకానికి రాకపోదు. ఇంట్లో కూడా ఇప్పుడే చెప్పేయండి, ఫీజు కట్టే వారంలో మాత్రం ఆ ప్రస్తావన తేకండి.

జీఎం గారికి ఏం చెప్పాలన్నది మీరు రాయకపోయినా, ఉత్తరంలో అసలు బెంగ అదేనని అర్థమైంది. ధర గురించి ఎత్తకండి, బేరం మొదలవుతుంది. ఆ సెట్‌లో షాఫ్టులు స్టిఫ్ ఫ్లెక్స్ (తక్కువ వంగేవి) అయ్యే అవకాశం ఎక్కువ. ఒకసారి అడిగి తీసుకుని, క్లబ్ కోచ్ ముందు పది బంతులు కొట్టి చూపించండి. తర్వాత "కోచ్ వద్దన్నారు సార్, ఇంకో రెండేళ్లు నేర్చుకున్నాక చూద్దామన్నారు" అనండి. ఆయన ఆట మీకంటే మేలని ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది, ఏ బాసూ దానికి నొచ్చుకోడు.