డీవీడీలు ఎక్కించే ముందు

అబ్బీ, పెదనాన్న దీవెనలు.

ఇంట్లో ఉండే పెళ్ళి డీవీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంటివంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఒకరన్నా పూనుకున్నారని సంతోషం పట్టలేకున్నా. భయమూ ఉంది, అందుకే రాస్తాండా.

చూడ్డానికి వీఎల్‌సీ ప్లేయర్ చాలు, దానికి కావలసిన కోడెక్‌లు (వీడియోను, శబ్దాన్ని కుదించి మళ్ళీ విప్పేవి) దాంట్లోనే ఉంటాయి. కోడెక్ ప్యాకులు ఒకదాని మీదొకటి ఎక్కించొద్దు. అవి ఒకదానికొకటి అడ్డంపడి, బొమ్మ పోయి శబ్దం ఒకటే మిగుల్తుంది. 'కోడెక్ లేదు, దించుకో' అని ఏ సైటన్నా అడిగితే మూసెయ్. ఏ ఫైల్లో ఏముందో మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాం చెప్తుంది. ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాలు; లోపలుండే హెచ్.264 వీడియో, ఏఏసీ శబ్దమే సరుకు.

ఇంక అసలు భయం. డీవీడీలో వీడియో ఎంపెగ్-2లో ఉంటుంది. జాగా చాల్లేదని దాన్ని చిన్న ఎంపీ4 చేసి, అసలుది తీసేస్తారు చానామంది. కొన్నాళ్ళకు ఆ చిన్నదాన్నే ఇంకో కోడెక్‌లోకి మారుస్తారు. మార్చిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పట్టుచీర జరీ ముద్దయిపోతుంది, పందిట్లో వెనక నిలబడినోళ్ళ మొగాలు చెరిగిపోతాయి. తర్వాత బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా) ఎంత పెంచినా అవి తిరిగి రావు. మామూలు డిస్కు 4.7 జీబీ. ఇరవై డిస్కులైనా 100 జీబీ దాటదు కదరా, దానికోసం అసలుది తీసేస్తారా ఎవరన్నా? డిస్కులో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డరు ఉన్నదున్నట్టు రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టు. తర్వాతే మార్చడం.

వీడియో మార్చే ప్రోగ్రాం హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264 పెట్టి, ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 18 నుంచి 20 మధ్య ఉంచు. డీఇంటర్లేస్ (గీతలు తీసేసే సెట్టింగు) మర్చిపోవద్దు, లేకుంటే మనిషి కదిలిన చోటల్లా అడ్డగీతలు పడతాయి. బొమ్మ సైజు 720×576ను పెంచొద్దు, పెంచితే ఫైలు బరువే తప్ప స్పష్టత రాదు. ఆడియో పాస్‌త్రూ పెట్టు, అంటే శబ్దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు వదిలెయ్.

ఎండాకాలం మన ప్రొద్దుటూర్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఎంపీ4కు సూచికను (ఫైల్లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికను) ప్రోగ్రాం మామూలుగా చివర్లో రాస్తుంది. నడిమధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ అయితే అంతవరకు అయినది ఆడుతుంది. అందుకే ముందు ఎంకేవీగా చెయ్. టీవీకి ఎంపీ4 కావాల్నంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాంలో 'సీ కాపీ' (-c copy) అనే ఆదేశం ఇచ్చి డబ్బా ఒక్కటే మార్చు, నాణ్యత పిసరంత కూడా తగ్గదు.

మీ అవ్వ గొంతు ఉండేది గృహప్రవేశం డిస్కులో ఒక్కదాంట్లోనే. ముందు దాన్నే కాపీ చెయ్ నాయనా. చదవకుంటే మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడువు, గుండ్రంగా తిప్పి తుడవొద్దు. అప్పటికీ రాకుంటే ఇంకో డ్రైవులో పెట్టి చూడు, ఒకటి చదవనిది ఇంకోటి చదవొచ్చు. అదీ కాకుంటే డిస్కును పెట్టెలో పెట్టి నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న