రేటింగ్ వార్త రాసే ముందు

చిరంజీవి మాధవికి బాబాయ్ ఆశీస్సులు.

అమెరికా అధ్యక్షుడి రేటింగ్ మీద, అంటే ఆయన పనితీరు ఎంత శాతం మందికి నచ్చిందన్న అంకె మీద, నువ్వు పంపిన కాపీ చదివాను. అంతర్జాతీయ పేజీ కొత్తగా చూస్తున్నావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ‘కుప్పకూలిన అధ్యక్షుడి ప్రజాదరణ’ అని హెడ్డింగ్ పెట్టావు. లోపల చూస్తే 43 శాతం కాస్తా 41 అయింది, అంతే. వెయ్యి మందిని అడిగే సర్వేలో మూడు శాతం అటూ ఇటూ కావడం మామూలే. రెండు పాయింట్లకి ఏదీ కుప్పకూలదమ్మా. ఆ నెలలో వచ్చిన మిగతా సర్వేలూ అదే దారి పడితే అప్పుడు రాయి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లందరినీ అడిగారా, నమోదైన ఓటర్లనే అడిగారా అన్నదీ చూసుకో. ఆ రెంటినీ కలిపి పోల్చకూడదు.

ఇంతకీ అడిగేదేమిటి? అమెరికా సర్వే సంస్థ గాలప్, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో మొదలుపెట్టిన ప్రశ్న ఇది: అధ్యక్షుడు తన పని చేస్తున్న తీరు మీకు నచ్చిందా, లేదా? మళ్లీ ఓటేస్తారా అని కాదు. 1991లో గల్ఫ్ యుద్ధం ముగియగానే పెద్ద బుష్‌కి 89 శాతం వచ్చింది. 1992 నవంబరులో ఆయనకి పడ్డ ఓట్లు 37 శాతం చిల్లర. చిన్న బుష్‌కి 2001 సెప్టెంబరు దాడుల ముందు 51 ఉంటే, రెండు వారాల్లో 90కి ఎగబాకింది. దేశానికి దెబ్బ తగిలితే జనం అధ్యక్షుడి వెనక నిలబడతారు, కోపం చల్లారాక ఎవరి దారి వారిదే. అలాంటి అంకె రాసేటప్పుడు పక్కన తేదీ తప్పనిసరి.

ఇక నువ్వు అసలే పట్టించుకోనిది పార్టీలవారీ లెక్క, అంటే ఏ పార్టీ వాళ్లలో ఎంతమంది మెచ్చుకున్నారన్నది. ఏజెన్సీ కాపీలో ఎక్కడో అట్టడుగున ఉంటుంది. స్థలం చాలకపోతే డెస్క్‌లో మొదట కత్తెర పడేది దానికే! నన్నడిగితే అధికారం సంగతి తేల్చేది అదే. వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకుని అభిశంసన అంచున నిలిచిన నిక్సన్ రేటింగ్ 1974 ఆగస్టుకి 24కి పడింది. సొంత రిపబ్లికన్లలోనూ మద్దతు సగానికి వచ్చేసింది. ఆగస్టు 7న సెనేటర్ గోల్డ్‌వాటర్, మరో ఇద్దరు సొంత పార్టీ నాయకులే వైట్‌హౌస్‌కి వెళ్లి, సెనేట్‌లో మీకు ఓట్లు లేవని మొహం మీదే చెప్పారు. మర్నాడే రాజీనామా ప్రకటన. క్లింటన్ కథ దీనికి పూర్తిగా ఎదురు. 1998 డిసెంబరులో ప్రతినిధుల సభ అభిశంసించిన రోజుల్లోనే ఆయన రేటింగ్ 73. ఆయన్ని పదవి నుంచి తొలగించాలా అని తర్వాత సెనేట్‌లో ఓటింగ్ జరిగితే, ఆయన సొంత పార్టీ డెమొక్రాట్లు 45 మందిలో ఒక్కరూ ఆయనకి వ్యతిరేకంగా ఓటేయలేదు. మళ్లీ జనం దగ్గరికి వెళ్లాల్సిన సభ్యుడు తన నియోజకవర్గం లెక్క చూసుకునే చెయ్యెత్తుతాడు, అది అక్కడైనా ఇక్కడైనా అంతే.

అలాగని రేటింగ్ పడితే అధ్యక్షుడి చేతులు కట్టేసినట్టు అని మాత్రం రాయకు. చట్టం కావాలంటే అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్ కావాలి, ఉత్తర్వుకి సంతకం చాలు. అడ్డు తగిలితే కోర్టులే తగలాలి. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టినప్పుడు, చాలా సర్వేల్లో ఆయనకి సగం మంది మద్దతు కూడా లేదు. సెలవుకి ఇంటికొచ్చిన మన పిల్లలు మాత్రం టెన్షన్‌తో తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. అలాంటి రోజున రేటింగ్‌ని నాలుగో పేరాకి తోసెయ్. ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి అన్నవి మొదటి రెండు వాక్యాల్లో రావాలి.

ఉంటాను,
బాబాయ్