‘దృఢ కీలు’ అనవచ్చా?

సందేహం: పాలిటెక్నిక్‌లో సివిల్ విద్యార్థులకు స్ట్రక్చర్స్ చెబుతాను. ఫ్రేముల విశ్లేషణ మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. “దృఢ కీళ్లు గల ఫ్రేములో బీము యొక్క వంపు క్షణం స్తంభానికి బదిలీ చేయబడుతుంది” అని రాశాను. ఈ వాక్యం సరైనదేనా? ఫ్రేమును చట్రం అనాలా? కడ్డీ ‘టెన్షన్ కింద ఉంది’ అనవచ్చా?

సమాధానం: ముందుగా ‘దృఢ కీలు’ సంగతి తేల్చుకుందాం. మీ పాఠం మొత్తానికి అదే ఆయువుపట్టు. తెలుగులో కీలు అంటే తిరిగేది. మోకాలి కీలు తిరుగుతుంది, తిరగకపోతే కీలు పట్టేసిందంటాం. ఇంజనీర్లు హింజ్ అనేదానికి ఇంతకంటే మంచి మాట దొరకదు. చట్రం మూల అలాంటిది కాదు. బీమూ కాలమూ లంబకోణంలో కలిశాయనుకోండి. భారం పడ్డాక ఆ మూల మొత్తంగా కాస్త ఒరగవచ్చు గానీ, రెండింటి మధ్య కోణం మాత్రం తొంభై డిగ్రీల దగ్గరే ఉండాలి. అవి ఒకదాని మీద ఒకటి తిరగకపోవడమే దాని గుణం. దాన్ని కీలు అని పిలిచి ముందు ‘దృఢ’ చేరిస్తే, విద్యార్థి బుర్రలో ముందు పడేది తిరుగుడే.

పాత పట్టెమంచం ఒకటి దగ్గరగా చూడండి. కోళ్లకు బెజ్జాలు, ఆ బెజ్జాల్లో దిగిన పట్టెలు. ఏటవాలు ఆసరా ఎక్కడా లేదు. బెజ్జం బిగువుగా ఉన్నంతకాలం ఎటు దొర్లినా మంచం కదలదు. చెక్క ఎండి బెజ్జం వదులైతే కోడు విరగకపోయినా, పట్టె చెక్కుచెదరకపోయినా మంచం ఊగుతుంది. వడ్రంగి వచ్చి కోడు మార్చడు, బెజ్జంలో చెక్కముక్క దిగ్గొట్టి బిగిస్తాడు. ట్రస్సు, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపిన కట్టడం, అయితే కీళ్లున్నా ఆ త్రికోణాల వల్ల నిలుస్తుంది. మన ఇళ్ల ఫ్రేము నిలిచేది మంచంలాగే, మూలల బిగువు వల్ల.

ఈ తేడా మాటలతో ఆగదు, అంకెల్లోకి దిగుతుంది. 6 మీటర్ల బీము, మీటరుకు 20 కిలోన్యూటన్ల భారం. రెండు కొసలూ కీళ్లయితే నడిమధ్యన వంపు భ్రామకం (బెండింగ్ మొమెంట్, అంటే బీమును వంచే ప్రభావం) 90 కిలోన్యూటన్ మీటర్లు, కొసల్లో సున్నా. అవే కొసలు ఏమాత్రం తిరగకుండా బిగిస్తే కొసల్లో 60, నడుమ 30. నిజమైన ఫ్రేములో కాలమ్ కూడా కొంత వంగుతుంది కాబట్టి జవాబు ఈ రెంటికీ మధ్యన పడుతుంది. బిగించిన కొసల్లో లాగుడు పైభాగాన పడుతుంది. కొసల్లో సున్నా అనుకున్న విద్యార్థి అక్కడ పైన కడ్డీ ఎందుకు వేస్తాడు?

కాబట్టి ‘సంధి’ అనండి. కీళ్లనొప్పులనే సంధివాతం అంటాం కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ సంధి అనే మాట కలయికను చెప్పి ఊరుకుంటుంది. తిరుగుతుందా లేదా అన్నది మనం ముందు చేర్చే మాట చెబుతుంది. ‘దృఢ సంధి’, ‘బిగువు సంధి’ రెండూ ఇబ్బంది లేకుండా నడుస్తాయి.

ఇక ‘వంపు క్షణం’. దీన్ని ఈ రోజే కొట్టేయండి. కదలిక అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన మొమెంట్‌ను ఇంగ్లిష్ కాలానికీ వాడుకుంది, తిప్పే శక్తికీ వాడుకుంది. తెలుగులో ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కాలేదు. మన సైన్సు పుస్తకాల్లో భ్రామకం స్థిరపడింది. ఇంటర్‌లో జడత్వ భ్రామకం చదివిన పిల్లలకు అది కొత్త కాదు, భ్రమణం అన్న మాట దాని పక్కనే ఉంది. క్లాసులో నోటితో మొమెంట్ అనండి, రాతలో వంపు భ్రామకం రాయండి.

వాక్యం కూడా తెలుగులా నడవాలి. ‘బీము యొక్క’లో ‘యొక్క’ అక్కర్లేదు, ‘బదిలీ చేయబడుతుంది’లో ఎవరు ఏం చేస్తున్నారో కనబడదు. “చట్రంలో సంధులు బిగువుగా ఉంటాయి కాబట్టి బీము కొసలోని వంపు భ్రామకాన్ని కాలమ్ కూడా పంచుకుంటుంది” అంటే సరిపోతుంది.

‘పంచుకుంటుంది’ అని కావాలనే వాడాను. తర్వాతి పాఠాల్లో మీకు మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ వస్తుంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హార్డీ క్రాస్ 1930లో ప్రచురించిన పద్ధతి అది. దానికి ‘వితరణ’ అనకండి. హిందీలో ఏమోగానీ, తెలుగులో వితరణ అంటే దానం. ఇక్కడ జరిగేది వాటాల పంపకం. ఒక సంధి దగ్గర బీములూ కాలమ్‌లూ కలిపి మూడు కలిశాయి, వాటి బిరుసు (స్టిఫ్‌నెస్, వంగకుండా నిలిచే గుణం) 1, 1, 2 వంతులు. సరిపడకుండా మిగిలిన భ్రామకం 80 అయితే 20, 20, 40గా పంచుతాం. ఎవరి బిరుసు ఎంతో వారి వాటా అంత. అవతలి కొస బిగించి ఉంటే అందులో సగం అక్కడికి చేరుతుంది. ‘భ్రామకాల పంపకం’ అంటే పద్ధతి పేరులోనే సగం పాఠం అయిపోతుంది.

ఫ్రేమును చట్రం అనడానికి అభ్యంతరమేమీ లేదు, కిటికీ చట్రం అందరికీ తెలిసిందే. కానీ బీమును దూలం చేయకండి, చదివేవాళ్లకు కర్ర గుర్తొస్తుంది. కాలమ్‌ను స్తంభం అంటే గుడో కరెంటో గుర్తొస్తుంది. సైటులో మేస్త్రీ పిల్లర్ అంటాడు, పిల్లలు రేపు పనిచేసేది ఆ మేస్త్రీతోనే. బీము, కాలమ్ అలాగే ఉంచండి.

చివరిది, నాకు అన్నిటికంటే భయం కలిగించింది, ‘టెన్షన్ కింద ఉంది’. ఇది ఇంగ్లిష్ పలుకుబడిని ఉన్నదున్నట్టు దించడం. తెలుగులో ‘కింద’ అనగానే ముందు తోచేది అడుగున అనే. మామూలు బీము నడుమ లాగుడు నిజంగానే అడుగున ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు బయటపడదు. గోడ దాటి ముందుకొచ్చిన బాల్కనీ స్లాబులో లాగుడు పైభాగంలో ఉంటుంది. అక్కడ ‘కడ్డీలు టెన్షన్ కింద ఉంటాయి’ అని చదివిన కుర్రాడు కడ్డీలు అడుగున పరిపిస్తే, సెంట్రింగ్ విప్పిన రోజే స్లాబు గోడ దగ్గర పైన పగులు పట్టి కూలిపోవచ్చు. టెన్షన్‌కు తన్యత అని రాసినా, లాగుడు అని రాసినా, టెన్షన్ అనే ఉంచినా నాకు సమ్మతమే. ‘కింద’ మాత్రం తీసేసి, “బాల్కనీ స్లాబులో లాగుడు పైభాగంలో ఉంటుంది, అందుకని ప్రధాన కడ్డీలు పైనే వేయాలి” అని విడమరిచి రాయండి.