భూచంపకం నాటబోతున్న మనవరాలికి

చిట్టీ,

విజయనగరంలో మీ ఇంటి వెనక మామిడి కింద భూచంపకం పెడతానన్నావట, మీ అమ్మ చెప్పింది. సంబరంతో పాటు టెన్షనూ పట్టుకుంది. నీ చెయ్యి నా చెయ్యే, మొక్క కనబడితే చెంబెత్తుతావు.

నాటడం ఏముంది, మట్టిలో ఇసుక, మాగిన ఆకులెరువు కలిపి దుంపను రెండంగుళాల లోతున పెట్టు. మధ్యాహ్నం నీడ పడాలి, నీళ్లు నిలవకూడదు.

చలికాలం మాట మాత్రం శ్రద్ధగా విను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరిచెట్లూ, మీ తాత నాటిన పనసా తెల్లారేసరికి నేలమీదున్నాయి. నేను సోంపేటకి కాపురానికొచ్చినప్పుడు మా అమ్మ కొంగున కట్టి ఇచ్చిన భూచంపకం ఆ పనస నీడనే ఉండేది. నెల తిరిగేసరికి దాని ఆకులూ పసుపు తిరిగి వాలిపోయాయి. నీడ పోయి మాడిపోతోందనుకున్నాను. ఇదొక్కటైనా దక్కాలని, కరెంటు లేని రోజుల్లో కూడా నూతిలో తోడి పూటకో బిందె పోశాను. మీ అమ్మ వద్దంటే కసిరాను. సంక్రాంతికి తవ్వితే దుంపలు చేతిలోనే చితికిపోయాయి.

అది అల్లం జాతి. ఏటా చలికాలంలో ఆకు వదిలేసి నేలలో పడుకుంటుంది. పుట్టింట్లో ప్రతి ఏడూ చూసిందే, ఆ దుఃఖంలో మర్చిపోయాను. గోడవార నీళ్లందని చోట రెండు దుంపలు మిగిలాయి. నీకు పంపేవి వాటి పిల్లలే.

అందుకని ఆకు పసుపు తిరగగానే నీళ్లు ఆపెయ్యి. ఎండలు ముదిరేదాకా తవ్వి చూడకు. చోటు తెలిసేలా పుల్ల పాతు, లేకపోతే ఎవరో గునపం వేసేస్తారు. ముందు పువ్వే నేలలోంచి వస్తుంది, తెల్లగా, కింది రేకు ఊదాగా. వంగితేనే వాసన తెలుస్తుంది. ఆకు తర్వాత వస్తుంది, వెనక్కి తిప్పితే అదీ ఊదాయే. ఈ వేసవికి పూయకపోయినా దిగులుపడకు.

రాలిన ఆకుల్లో చెయ్యి పెట్టకమ్మా, ముందు కర్రతో కదుపు. చల్లటి చోటు, పాములుంటాయి. టార్చి లేకుండా రాత్రి అటు వెళ్లకు. గుంటడికి చెప్పులు తొడుగు. ఇది మళ్లీ చెప్పించుకోకు, నాకు నిద్ర పట్టదు.

దుంపలు ఆరబెట్టి గోనెముక్కలో చుట్టాను, ఆదివారం మీ మావయ్య తెస్తాడు. తొలి పువ్వు పూసిన రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది, వాడకముందే వీడియోలో చూపించు.

మీ అమ్మమ్మ