నెట్ సెంటర్ నడుపుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

బతుకమ్మ పండుగకు హనుమకొండ వచ్చినప్పుడు నయీంనగర్‌లోని నీ సెంటర్‌లో గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలో నువ్వు మూడుసార్లు చేతిలో ఉన్న గిరాకీని వదిలి లేచావు. ఒకసారి ఎవరో తెర పైభాగానికి జరిపిన టాస్క్‌బార్‌ను కిందికి దించావు, ఇంకోసారి చెదిరిన స్టార్ట్ మెనూను సర్దావు, మూడోసారి వాల్‌పేపర్ మార్చావు. దరఖాస్తు నింపుదామని నర్సంపేట నుంచి వచ్చిన పెద్దాయన ఎప్పుడూ ఉండే చోట తెలుగు కీబోర్డు గుర్తు కనబడక, అడగడానికి మొహమాటపడి చేతులు ముడుచుకొని కూర్చున్నాడు. "పిల్లలు ఆగం చేస్తున్నరు మామా" అన్నావు. నిజమే, కాని నీ ఐదు కంప్యూటర్లూ అన్నీ మార్చే అధికారం ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే, అదీ పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుంటున్నాయి. పిల్లలను అనడానికి ముందు ఆ సంగతి చూడాలి.

ప్రతి కంప్యూటర్‌లోనూ రెండు ఖాతాలు పెట్టు. అడ్మినిస్ట్రేటర్ ఖాతా నీది. దాని పాస్‌వర్డ్ నీకు, మీ అమ్మకు తప్ప మరొకరికి తెలియకూడదు. గిరాకీలు వాడేది స్టాండర్డ్ యూజర్ ఖాతా. అయితే చాలామంది ఇక్కడే ఆగిపోయి, పని అయిపోయిందనుకుంటారు. స్టాండర్డ్ ఖాతా వల్ల ఎవరూ కొత్త సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ మొత్తానికి ఎక్కించలేరు, నీ ఖాతా జోలికి రాలేరు. కాని వాల్‌పేపర్, టాస్క్‌బార్, స్టార్ట్ మెనూ వంటివి ఏ ఖాతాకు ఆ ఖాతా సొంత ఆస్తి కాబట్టి, ఆ ఖాతాలో కూర్చున్న ప్రతివాడూ వాటిని తన ఇష్టప్రకారం మార్చుకోగలడు. వాటిని ఆపాలంటే గ్రూప్ పాలసీ కావాలి, అంటే ఎవరు ఏమేమి మార్చవచ్చో విండోస్‌కు చెప్పే కట్టడుల జాబితా, దాన్ని దిద్దే ఎడిటర్. నీవి విండోస్ 10 ప్రో యంత్రాలు కాబట్టి అది నీ దగ్గర ఉంది. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ రాదు.

దాన్ని తెరిచే పద్ధతి దగ్గర నా మాట జాగ్రత్తగా విను. విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో జీపీఎడిట్.ఎంఎస్‌సీ (gpedit.msc) అని కొట్టి నేరుగా తెరిస్తే, అందులో యూజర్ కాన్ఫిగరేషన్ కింద నువ్వు పెట్టే ప్రతి కట్టడీ అడ్మినిస్ట్రేటర్‌తో సహా అందరికీ వర్తిస్తుంది. నేను కళాశాల ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఇది తెలియక, ఫలానా ప్రోగ్రాములు మాత్రమే నడవాలనే పాలసీని అక్కడ పెట్టి, ఆ జాబితాలో ఎడిటర్‌నే చేర్చడం మరిచిపోయాను. తరువాత దాన్ని తీసేద్దామంటే ఎడిటర్ నాకే తెరుచుకోలేదు. విద్యార్థులు వరండాలో నిలబడి ఉండగా అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌తో సగం రోజు కుస్తీ పట్టవలసి వచ్చింది. అందుకని నువ్వు రన్ పెట్టెలో ఎంఎంసీ (mmc) అని కొట్టు. ఫైల్ మెనూలో స్నాప్-ఇన్ అనే అదనపు పనిముట్టును చేర్చే చోట గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ ఎడిటర్‌ను ఎంచుకొని, బ్రౌజ్ నొక్కి, యూజర్స్ ట్యాబ్‌లో నాన్-అడ్మినిస్ట్రేటర్స్ అనే వరుసను పట్టుకో. విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న సదుపాయమే ఇది. ఇక్కడ పెట్టిన కట్టడి గిరాకీల ఖాతాకే తగులుతుంది, నీకు తగలదు.

కట్టడి పెట్టకముందే గిరాకీల ఖాతాలోకి వెళ్ళి అన్నీ నీకు కావలసినట్టు అమర్చుకో, ఎందుకంటే స్టార్ట్ తెరను మార్చకుండా ఆపే పాలసీ అప్పటికి అది ఏ రూపంలో ఉంటే ఆ రూపాన్నే నిలిపి ఉంచుతుంది. ఆ తరువాత అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ కింద స్టార్ట్ మెనూ అండ్ టాస్క్‌బార్ విభాగంలో ఆ పాలసీని, టాస్క్‌బార్ సెట్టింగులన్నిటికీ తాళం వేసే పాలసీని ఎనేబుల్ చెయ్యి. రెండోది పెట్టాక టాస్క్‌బార్‌ను జరపడం గాని, పెద్దది చేయడం గాని, దాని మీది వస్తువుల వరుస మార్చడం గాని సాధ్యపడదు. వాల్‌పేపర్‌ను ఆపేది కంట్రోల్ ప్యానెల్ కింద పర్సనలైజేషన్‌లో దొరుకుతుంది. డెస్క్‌టాప్ విభాగంలో, బయటికి వెళ్ళేటప్పుడు సెట్టింగులను భద్రపరచవద్దనే పాలసీ కూడా ఒకటి కనిపిస్తుంది; అది కొన్ని మార్పులను మరిచిపోతుంది గాని, డెస్క్‌టాప్ మీద పెట్టిన షార్ట్‌కట్లను మాత్రం ఎప్పుడూ ఉంచేస్తుంది కాబట్టి దాని మీదే భారం వేయకు. నువ్వు పెట్టే షార్ట్‌కట్లను పబ్లిక్ అనే యూజర్ ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్‌లో పెడితే, వాటిని తొలగించబోయిన వారిని కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌నూ సెట్టింగ్స్‌నూ మొత్తంగా మూసేసే పాలసీ ఒకటి ఉంది. దాన్ని చూడగానే నీకు ఆశ పుడుతుంది, ఎందుకంటే ఒక్క నొక్కుతో అన్నీ అయిపోయినట్టు అనిపిస్తుంది. నేనైతే దాన్ని ముట్టుకోను. చూపు ఆనని మనిషి అక్షరాలు పెద్దవి చేసుకోవాలన్నా, ఎడమచేతివాటం పిల్ల మౌస్ మీటలు తారుమారు చేసుకోవాలన్నా ఆ తలుపు గుండానే పోవాలి. ఆ నర్సంపేట పెద్దాయనలాంటి వారి కోసమే కదా నువ్వు ఈ తాళాలు వేస్తున్నది.

కాజీపేటలో మీ అన్న ఇంట్లో ఉన్నది హోమ్ ఎడిషన్. అక్కడ పిల్లల ఖాతాను కాసేపు అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, ఆ ఖాతాలోనే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీని తెరిచి, దాన్ని ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకొని, పాలసీల కింద ఉండే ఎక్స్‌ప్లోరర్ కీలో టాస్క్‌బార్ సెట్టింగులను మార్చనివ్వని నోసెట్‌టాస్క్‌బార్ (NoSetTaskbar) అనే డీవర్డ్‌కు, అంటే అంకె రాసే గడికి, 1 విలువ ఇచ్చి, ఖాతాను వెంటనే తిరిగి స్టాండర్డ్ చేయమని చెప్పు. ఆ పాలసీల కీని చదవడమే తప్ప రాయడానికి స్టాండర్డ్ ఖాతాకు అధికారం ఉండదు, అందుకే పిల్లలు దాన్ని తీసేయలేరు. ఆ చివరి మార్పు మరిచిపోతే మాత్రం చేసినదంతా వృథా.

నీ ఐదింటిలో మొదట ఒక్కదానికి చేసి, గిరాకీల ఖాతాతో లాగిన్ అయి, అల్లరి పిల్లవాడు చేసే పనులన్నీ నువ్వే చేసి చూడు. మార్చిన ప్రతి పాలసీ పేరునూ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసి గల్లాపెట్టెలో ఉంచు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచే యంత్రాలను నువ్వు ఎలాగూ మార్చక తప్పదు. విండోస్ 11లో స్టార్ట్ మెనూకు సంబంధించిన పాత పాలసీలు కొన్ని ఇదే తీరుగా పనిచేయవు. ఆ రోజున నోటుబుక్కు దగ్గర పెట్టుకొని ఒక్కొక్కటీ మళ్ళీ పరీక్షించాలి. ఆ పనికి ఆదివారం చూసి పిలువు, పరకాల నుంచి పొద్దున బస్సుకే వస్తాను.

నీ మేనమామ