1900 జనవరి 1న పుట్టిన బొమ్మలు

ప్రశ్న: మాది చిన్న మ్యూజియం. కేటలాగ్ మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాం. దాన్ని బయటి డెవలపర్లకు ఇద్దామంటే మా డైరెక్టర్ గారు ఒప్పుకోవడం లేదు. "తప్పులు బయటపడి నవ్వులపాలవుతాం, మంచి ఫొటోలు ఎవడో ఎత్తుకుపోతాడు" అంటారు. ఆయనకేం చెప్పమంటారు?

జవాబు: మొదటి భయం నిజమేనండీ, తప్పులుంటాయి. ఒకసారి ఒక మ్యూజియం ఇచ్చిన ఫైలు పట్టుకుని, ఏ ఏడాదివి ఎన్ని వస్తువులున్నాయో గ్రాఫ్ గీద్దామని కూర్చున్నాను. బుద్ధిగా నడుస్తున్న గీత 1900 దగ్గర తాటిచెట్టంత లేచింది. ఏమిటా అని చూస్తే వందల వస్తువులకు తేదీ 1900 జనవరి 1! తేదీ గడి ఖాళీగా వదిలితే వాళ్ల సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదట. తెలియని చోటల్లా అదే కొట్టేశారు. లోపలివాళ్లు ఒక్కో వస్తువునే తెరిచి చూస్తారు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. మొత్తం ఒకేసారి పరుచుకున్నాను కాబట్టి నాకు కనబడింది. రాసి పంపాను, నెలలోపే దిద్దారు. ఎవరూ నవ్వలేదు. (నేను కాస్త నవ్వాను, అబద్ధమెందుకు.)

తేదీలకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పద్ధతి బాగుంటుంది. మనుషులు చదువుకోవడానికి "సుమారు 1500–1550" అని ఒక గడిలో ఉంటుంది. మొదలు 1500, చివర 1550 అన్న అంకెలు వేరే రెండు గడుల్లో ఉంటాయి. క్రీస్తుపూర్వమైతే ముందు మైనస్ గుర్తు. సందేహాన్ని దాచనక్కర్లేదు, ప్రోగ్రాముకు లెక్కా దొరుకుతుంది.

ఇక ఫొటోలు. పాలు వంపుతున్న పనమ్మాయిని డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన చిత్రం ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. దాని పసుపుబారిన నాసి నకళ్లు ఇంటర్నెట్ నిండా తిరిగాయి. ఎంతగా అంటే, మ్యూజియం దుకాణంలో అసలు రంగుల పోస్ట్‌కార్డు చూసి జనం ఇది అసలు బొమ్మ కాదన్నారు! దాంతో మంచి ఫొటోను వాళ్లే బయటపెట్టారు. ఎత్తుకుపోయేవాడు ఎలాగూ ఆగడు, మీరివ్వకపోతే చెడ్డది ఎత్తుకుపోతాడు. మెట్రోపాలిటన్ వాళ్లు 2017 ఫిబ్రవరిలో 3,75,000 ఫొటోలను సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే పద్ధతి) కింద వదిలారు. అంటే వ్యాపారానికి వాడుకున్నా అనుమతి అడగక్కర్లేదు. అయితే అవన్నీ కాపీరైటు లేని వస్తువులవి. కాపీరైటు తీరని బొమ్మలకు మీరు ఫొటో ఆపి వివరాలు మాత్రం ఇవ్వండి. దాతల చిరునామాలు, బీమా విలువ, వస్తువు ఏ అరలో ఉందన్న సంగతి మాత్రం ఆ ఫైల్లోకి రానే కూడదు.

ఏపీఐ (బయటి ప్రోగ్రాములు నేరుగా మీ డేటా అడిగి తీసుకునే దారి) కట్టించే డబ్బు లేదని ఆగిపోకండి. లండన్ టేట్ మ్యూజియం 2013లో, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమా 2015లో గిట్‌హబ్‌లో (ప్రోగ్రాములు, ఫైళ్లు పంచుకునే వెబ్‌సైటు) పెట్టినవి ఉత్త డేటా ఫైళ్లే. ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు పట్టిక), ఏ గడిలో ఏముందో చెప్పే ఒక పేజీ చాలు. ఒక ఈమెయిల్ కూడా ఇవ్వండి, దాన్ని చదివే మనిషితో సహా.

ఒక్కటి నా కోసం అడుగుతున్నాను. వెబ్‌సైటు మార్చినప్పుడు వస్తువుల నంబర్లు మార్చకండి. ఒక మ్యూజియం అలా మార్చిన రాత్రి నా ప్రోగ్రాములో బొమ్మలన్నీ తెల్ల గడులైపోయాయి. పాత నంబరుకు కొత్తది చూపే పట్టిక ఉందా అంటే లేదన్నారు. పేర్లు, కొలతలు పోల్చుకుంటూ చేత్తో జతచేయడానికి మూడు వారాలు పట్టింది. ఇంకా పదకొండు మిగిలాయి. అందులో ఏడింటి పేరు "పేరు లేదు".