మ్యాట్ కన్నా ముందు రసీదు పుస్తకం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తిలో మీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకి మ్యాట్ కొనాలి, చందాలకి ఎట్టా పోవాలి మామయ్యా అని అడిగావు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. పిల్లలకి ఆట నేర్పిన దానికన్నా నేను చందాలకి తిరిగిందే ఎక్కువేమో!

"మా జట్టుకి సాయం చెయ్యండి" అంటే వంద నోటు చేతిలో పెట్టి పంపేస్తారు. మ్యాట్ అంటే పలకలు కలిపి పరిచేదే కదా, నువ్వు అందులో ఒక పలక అడుగు. ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మీటరుకి మీటరు పలకలైతే గీతల లోపలికే 96 కావాలి, చుట్టూ వేసేవి వేరే. లారీ కిరాయితో కలిపి పలకకి ఎంత పడుతుందో కొటేషన్ తెచ్చుకో. "ఒక పలక మీది" అని అడిగితే, మొత్తం ఇవ్వలేనివాళ్లు ఇద్దరు కలిసైనా ఇస్తారు.

ఖాళీ రసీదు పుస్తకంతో ఎవరి గడపా తొక్కకు. ఇచ్చేవాడు జేబులో చెయ్యి పెట్టే ముందు పుస్తకం వెనక్కి తిప్పి ఎవరెంత రాశారో చూస్తాడు. పైన ఐదువందలు కనిపిస్తే తనూ ఐదువందలే రాస్తాడు. అందుకని మొదటి ఐదారు రసీదులు మన ఇంటివాళ్లవీ మీ కమిటీవాళ్లవే ఉండాలి, అవీ కాస్త పెద్దవే ఉండాలి.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లని కనుమలోపే పట్టుకో. పొగాకు రైతు దగ్గరికి మాత్రం అప్పుడు పోవద్దు. ఆకు ఇంకా కాల్చే బ్యారన్ కొట్టంలోనే ఉంటుంది, చేతిలో ఉండేది అప్పే. బేళ్లు వేలానికి పోయి డబ్బు ఖాతాలో పడ్డాక పో.

గ్రానైట్ కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధుల్లో గ్రామీణ క్రీడల శిక్షణకి చోటుంది. కానీ ఆ డబ్బు మీ సొసైటీ చేతికి రావాలంటే రిజిస్ట్రేషన్, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్లు చేసిన పని, అన్నీ చూపించాలి. కంపెనీనే నేరుగా మ్యాట్ కొనిమ్మను, ఈ టెన్షన్ ఉండదు. సొసైటీ మాత్రం ఎటూ పెట్టుకో, ఏడుగురు సభ్యులు చాలు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపే డబ్బుకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా చెయ్యి చాపకు, వాళ్లు మన ఊరివాళ్లే అయినా సరే.

ఒకసారి నేను తప్పు చేశాను. తిరగలేక, ఒకే నాయకుడి దగ్గర జెర్సీలన్నీ తీసుకున్నా. వీపు మీద ఆయన బొమ్మ. మరుసటి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. అవతలి పార్టీ ఇళ్ల పిల్లలు ఆ చొక్కా మేం వేసుకోం అన్నారు, నలుగురు ఆటే మానేశారు. అందులో ఒకడు మా మంచి రైడరు.

వారానికోసారి జమాఖర్చులు టీ బంకు దగ్గర గోడకి అంటించు. యాభై ఇచ్చినవాడి పేరూ ఉండాలి. బంకతను తన పేరు వెతుక్కుని, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. నీకు అంతకన్నా ప్రచారం అక్కర్లేదు.

మొదటి రసీదు మీ నాన్న పేరున రాయి, బావగారికి అది పట్టింపు. రెండోది నాది, రెండు పలకలు. పుస్తకం అచ్చు వేయించి ఫోటో పంపు, డబ్బు ఆ తర్వాతే వేస్తాను.

మీ మామయ్య